తులిప్పుల ఊళ్లో మా మిరపచెట్టు

మా ఆయన ఎండిపోయిన మిరపచెట్టు ఒకదాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, నా పట్టుచీర మడతల మధ్య దాచి హాలెండ్ దాకా మోసుకొచ్చాడు. ఆ సంగతి అక్కడి హోటల్ గదిలో సూట్‌కేసు తెరిచాక గాని నాకు తెలియలేదు. చీర నిండా ఎండాకు పొడి. ఎయిర్‌పోర్టులో పట్టుకుని ఉంటే ఇద్దరం ఏమైపోయేవాళ్లమో ఆయనకి తట్టినట్టే లేదు.

"ఎందుకండీ ఇది?" అన్నాను.

"చూపించొద్దా మరి? ఉత్త నోటితో చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఎవరికి చూపిస్తాడయ్యా అంటే, విత్తనం పుట్టించిన వాళ్లకి. మా ఆయన లెక్కలో మన దగ్గర విత్తనాలమ్మే కంపెనీ వాళ్లంతా జీతగాళ్లు. అసలు ఆసామి ఆ చలి దేశంలో ఎక్కడో ఉంటాడు. ఆయన దగ్గరికి పోయి, చెట్టు చేతిలో పెట్టి, "అయ్యా, మీ విత్తనం ఇట్లా చేసింది" అంటే ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి తప్పు ఒప్పుకుంటాడు. మా వైపు పొలం తగాదాలు అట్లాగే తీరతాయి మరి. పెద్దమనిషి ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంటే సగం న్యాయం జరిగినట్టే. ఆ అరుగు హాలెండ్‌లో కూడా ఉంటుందని ఆయన నమ్మకం.

మాది పెనుగంచిప్రోలు. పొలం కౌలుది, పంట మిరప. నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను, రోజూ ఆటోలో పోయి ఆటోలో వస్తాను. మా ఆయనకి చదువు తక్కువ గాని మాటకి విలువ ఎక్కువ. మా బజారులో ఎవరూ నేరుగా విత్తనాల కొట్టుకి పోయేవాళ్లు కాదు. ముందు మా గుమ్మంలోకి వచ్చి, నేనిచ్చిన టీ తాగి, "ఈసారి ఏం వేస్తున్నావ్?" అని అడిగి పోయేవాళ్లు. ఆయన ఏది వేస్తే అదే వేసేవాళ్లు. దానికాయన మంత్రి పదవి వచ్చినంత మురిసిపోయేవాడు. ఈ పెద్దరికంతో మనకి టీపొడి అయిపోవడం తప్ప ఇంకేం రాదని నేను ఆటపట్టించేదాన్ని. లోపల మాత్రం నాకూ గర్వంగానే ఉండేది.

పోయినేడు జగ్గయ్యపేట కొట్టతను కొత్త రకం చూపించాడు. దీనికి బొబ్బర రాదన్నాడు. బొబ్బర అంటే మిరపకి వచ్చే తెగులు. ఆకు ముడుచుకుపోతుంది, చెట్టు గిడసబారుతుంది, పూత రాలిపోతుంది. మందు కొట్టినా లాభం ఉండదు. ఆ మాట నమ్మి మా ఆయన ఆ విత్తనం వేశాడు. ఆయన్ని చూసి బజారంతా వేసింది. క్రిస్మస్ నాటికి మా చేలల్లో తిన్నగా విచ్చుకున్న ఆకు ఒక్కటి లేదు.

అప్పుడు మా ఆయన అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టాడు. "అర్జీ పెట్టా. ఆఫీసర్ల కమిటీ వస్తది. వాళ్లు కళ్లతో చూసి విత్తనం తప్పని రాస్తేనే మనకి పరిహారం. అందాకా ఒక్క చెట్టు పీకొద్దు" అని చెప్పాడు. ఎవరూ పీకలేదు. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి, కమిటీ రాలేదు. పొలాలిచ్చిన ఆసాములు ఖాళీ చేయమని తిడుతున్నా, మా వాళ్లంతా ఆ ఎండుతోటల్ని అట్లాగే నిలబెట్టి ఉంచారు. కేవలం ఆయన మాట మీద.

అట్లాంటి రోజుల్లో కంపెనీ మేనేజరు మా ఇంటికొచ్చాడు. ఎంత మర్యాదో! చెప్పులు బయటే విడిచి, నేనిచ్చిన మంచినీళ్లు రెండు చేతులతో అందుకున్నాడు.

"అన్నగారూ, మీలాంటి రైతులు మాకు దేవుళ్లండి. ఒక్క పంట పోతే పోయింది, అనుబంధం పోకూడదు కదండి. అభ్యుదయ రైతు దంపతుల్ని హాలెండ్ తీసుకెళ్తున్నాం. మేడం గారూ, మీరూ రావాలి."

ఆయన వెళ్లాక నేను వద్దంటే వద్దన్నాను. పుండు మీద కారం చల్లి, విసనకర్ర తెచ్చి విసిరే మనుషులు వీళ్లు, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు ఇక్కడి కమిటీ సంగతి చూడమన్నాను. మా ఆయన వినలేదు. "వాళ్లంతట వాళ్లే అసలు మనిషి దగ్గరికి తీసుకెళ్తామంటుంటే వద్దంటావేందే?" అన్నాడు. అసలు మనిషి అన్న మాట మేనేజరు అనలేదు. ఈయనే అనుకున్నాడు. చర్చి వాళ్లతో యెరూషలేము పోదామని ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టులు పెట్టెలో ఉండనే ఉన్నాయి. ఆ యాత్ర జరగలేదు, ఈ యాత్ర జరిగింది.

బయలుదేరే రోజు వీధి చివర ముసలాయన, మా ఆయనకి వరసకి బాబాయి, ఆటో దాకా వచ్చాడు. "జాగర్త అబ్బాయ్. మా చెట్లు కూడా చూపించినట్టే లెక్క" అన్నాడు. ఆ మాట హోటల్ గదిలో గాని నాకు అర్థం కాలేదు. చెట్టు సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట.

ఆ పూల ఊరు సముద్రం పక్కన ఉంది. ఇసుక నేల, ఎటు చూసినా ఒక మిట్ట గాని గుట్ట గాని లేదు. మధ్య మధ్యలో కాలవలు. మిగతాదంతా తులిప్ పూలు. ఎర్రవి ఒక మడి, పసుపువి ఒక మడి, ఊదావి ఒక మడి, ఆకాశం అంచు దాకా. చూడగానే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. మా చేలు మాడిపోయి ఉంటే ఇంకెవరి చేనో ఇంత నవనవలాడుతూ ఉండటం చూసి ఓర్వలేక. అసూయ అంటారు దాన్ని, అనుకోండి, నాకేం బాధ లేదు.

మేనేజరు అందరికీ కంపెనీ పేరున్న టోపీలు పంచాడు. ఒక్కో జంటనీ పూల మధ్య నిలబెట్టి ఫొటో తీశాడు. మా వంతు వచ్చింది. మా ఆయన హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లాడిలా బిగుసుకుపోయాడు. "నవ్వండి అన్నగారూ, నవ్వండి" అని మేనేజరు ఎంత బతిమాలినా పెదవి కదలదు. నేనే ఉండబట్టలేక, "కాస్త నవ్వండి. ఎవరో పోయినట్టు నిలబడ్డారేంటి? పోయింది మన మిరపతోటే కదా" అన్నాను. ఆయనకి పగలబడి నవ్వొచ్చింది. పంట పోయిన తర్వాత ఆయన అట్లా నవ్వడం అదే మొదలు. మేనేజరు ఫోను టక్కున నొక్కాడు.

ఆ నవ్వు నా కోసం నవ్వినది. నా మొగుడు నా మాటకి నవ్విన నవ్వు. అది ఎంత దూరం పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత ఆ తోట రైతు వచ్చాడు. ముసలాయన, తాడిచెట్టంత పొడుగు, ఎర్రటి మొహం. ఆయన ఇంగ్లీషు అరువుదే, నాదీ అరువుదే, అందుకని ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. ఆయన చెబుతుంటే నేను మా ఆయనకి తెలుగులో చెప్పాను.

ఒక మిషను చాళ్ల మీదుగా పోతూ పూల తలలు నరుకుతోంది. ముందు పూలు, వెనక ఉత్త కాడలు. తెగిన పూలు మట్టిలో పడి, మనుషుల బూట్ల కింద నలుగుతున్నాయి. చేను చివర మా ఊళ్లో పేడకుప్పంత ఎత్తున పూలు పోసి ఉన్నాయి, కింద నుంచి కుళ్లుతూ.

"పువ్వే కదా పంట? నరుకుతారేంటి?" అన్నాడు మా ఆయన.

పువ్వు పంట కాదు, కింద ఉల్లిపాయలాంటి దుంప ఉంటుంది, అదీ పంట, పువ్వుని ఉంచితే దుంపకి బలం రాదు అన్నాడు ఆ రైతు.

"మరి ఇంత అందంగా పూయించడం ఎందుకంట?"

"ఏ మొక్కకి రోగం ఉందో పువ్వు వస్తేనే తెలుస్తుందంట. రోగమున్నవి ఏరేశాక మిగతావి నరుకుతారంట" అని చెప్పాను.

అప్పుడే ఒక పనివాడు చాలులో వంగి ఒక మొక్కని దుంపతో సహా పెకలించాడు. ఎర్రటి రెక్కల మీద తెల్లటి చారలు. ఆ మడి మొత్తంలో అంత అందమైన పువ్వు లేదు. ఆ చారలే రోగమట. పనివాడు దాన్ని సంచిలో కుక్కి ముందుకి పోయాడు. మా ఆయన ఆ సంచి వంక చూసి తల ఊపాడు. ఆ మొహం నాకు తెలుసు. తెగులు తెలిసిన మనిషి దొరికాడన్న మొహం అది.

నేను ఆపే లోపే స్వెటరు గుండీలు విప్పేశాడు. లోపల్నించి పేపరు చుట్ట తీసి, షెడ్డులో బల్ల మీద పెట్టి విప్పాడు. ముడుచుకుపోయిన ఆకులు, గిడసబారిన కొమ్మలు. మా చేను ఉన్నదున్నట్టు ఆ బల్ల మీదికి వచ్చింది.

"చెప్పవే. మీ కంపెనీ విత్తనం ఇట్లా అయిందని చెప్పు."

ఆ రైతు నాలుగడుగులు వెనక్కి వేశాడు. పాముని చూసినా అంత భయపడడేమో. ఇది ఎక్కడిది అన్నాడు. మా చేనిది అన్నాను. ఆయన ప్లాస్టిక్ సంచి తెచ్చి, చేతికి తొడుక్కుని, చెట్టుని తాకకుండా అందులోకి లాక్కుని మూతి కట్టాడు. షెడ్డు మూల కట్టెలతో మండే వేడినీళ్ల బాయిలరు ఉంది. దాని తలుపు తీసి సంచి లోపలికి విసిరేశాడు. మా ఆయన "అయ్యో, అయ్యో" అంటూ రెండడుగులు వేసి ఆగిపోయాడు. బల్ల కడిగారు. మా చేతులు కడిగించారు. మందు నీళ్లు పోసిన పళ్లెంలో చెప్పులతో సహా మా కాళ్లు ముంచారు. మేజోళ్ల మీద చెప్పులేసుకున్న మా ఆయన తడిసిన కాళ్లతో చలికి వణుకుతూ నిలబడ్డాడు. మిగతా జంటలు దూరంగా జరిగి గుసగుసలాడుకున్నారు.

అప్పుడు తెలిసింది, ఆ ముసలాయనకి మా విత్తనాల కంపెనీతో ఏ సంబంధమూ లేదని. టిక్కెట్టు పెట్టి తోట చూపించే రైతు. మిరప విత్తనం సంగతి నాకేం తెలుసమ్మా అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. ఈ చెట్టుకి రోగం ఎప్పుడొచ్చింది అని అడిగాడు. చలికాలంలో అన్నాను. మరి పీకలేదా అన్నాడు. లేదు, ఊరంతా అట్లాగే ఉంచాం అన్నాను. ఆయన మొహంలో అసహ్యం నాకు తెలుగంత స్పష్టంగా కనిపించింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు మా ఆయన.

"రోగం ఉన్న చెట్టుని నిలబెట్టి ఉంచేవాడు పక్క రైతుకి శత్రువంట."

"కమిటీ చూడాలి కదా అని ఉంచామని చెప్పు."

చెప్పాను. ఆయన భుజాలెగరేశాడు. చూడటానికి ఒక్క చెట్టు చాలు కదా అన్నాడు. ఆ ఒక్కటీ ఆయన బాయిలర్లో అప్పటికే బూడిదైంది.

ఇంత జరిగినా మేనేజరుకి కోపం రాలేదు. దానికే నాకు భయం వేసింది. మా ఆయన భుజం మీద చెయ్యేసి, "విన్నారుగా అన్నగారూ, తప్పు విత్తనంది కాదండి, పీకకుండా మీరే తెగులు పెంచుకున్నారు. ఇంత పెద్ద రైతే చెబుతున్నాడు" అన్నాడు. నేను మేనేజరుని నోటికొచ్చినట్టు తిట్టాను. తెలుగులో తిట్టి, కసి తీరక ఇంగ్లీషులో కూడా తిట్టాను. ఆయన చిరునవ్వుతో, "మేడం గారికి చలి పడినట్టు లేదండి" అన్నాడు. మా ఆయన మాత్రం బస్సెక్కే దాకా బాయిలరు గొట్టం నుంచి వచ్చే పొగనే చూస్తూ ఉన్నాడు.

హైదరాబాద్‌లో దిగి, బస్సులో జగ్గయ్యపేట వచ్చి, మా ఊరి ఆటో ఎక్కాం. అందులో మా బజారు వాళ్లు ఇద్దరున్నారు. మమ్మల్ని చూసి మాటలాపేశారు. ఒకావిడ తన సంచిని నా వైపు నుంచి అటు జరుపుకుంది. ఊరు దగ్గరపడ్డాక రోడ్డు పక్కన మా చేలు కనిపించాయి. చేలు కాదు, నల్లటి మసి. ఒక్క చేలో చెట్టు లేదు. మా చేలో కూడా లేదు.

మా ఆయన ఆటో ఆపించి దిగాడు. గట్టు మీద బాబాయి కూర్చుని ఉన్నాడు.

"ఎవరు బాబాయ్ పీకింది?"

"మేమే. నీ చేను కూడా మేమే పీకి తగలబెట్టాం, సాయంగా ఉంటదని." ముసలాయన తలెత్తలేదు. "కొట్టతను వచ్చి ఫోనులో నీ ఫొటో చూపించాడు. మీవాడు రాజీ అయిపోయాడు, చూడండి ఎట్టా నవ్వుతున్నాడో, ఇంకెందుకు ఈ చెత్తకి కాపలా అన్నాడు. నమ్మలా. నిజంగా నమ్మలా అబ్బాయ్. కానీ నువ్వు నవ్వుతున్నావు కదరా."

చేలు పీకిన మర్నాడో ఆ మర్నాడో కమిటీ వచ్చిందట. ఆఫీసర్లు జీపు దిగి, చుట్టూ చూసి, "ఇక్కడ చూడ్డానికేముంది?" అని అదే జీపులో వెళ్లిపోయారట. ఇదంతా ముందే అనుకుని చేశారా అంటే నా దగ్గర రుజువు లేదు. అనుకునే చేశారని నేను నా ప్రాణం మీద ఒట్టేసి చెప్పగలను.

మా ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. రాజీ లేదు, నేను చెట్టు పట్టుకెళ్లా, అడిగా, కాల్చేశారు అన్నాడు. విన్నవాళ్లు విన్నారు. "మరి చెట్టేది?" అని ఒకరడిగితే ఈయన మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. ఆదివారం చర్చిలో మేం కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. ప్రార్థనలో పాస్టరుగారు, మోసపోయిన వారిని ఆదుకో ప్రభువా అన్నప్పుడు అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. మా ఆయన కూడా అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నాకు చావాలనిపించింది.

మా గుమ్మంలోకి టీ తాగడానికి ఇప్పుడెవరూ రారు.

వానలు మొదలయ్యాయి. మళ్లీ మిరప విత్తనాల కాలం వచ్చింది. జగ్గయ్యపేట కొట్టతను కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టాడు. పూలతోటలో టోపీ పెట్టుకుని పకపకా నవ్వుతున్న మా ఆయన, పక్కన నేను. పైన "మన రైతు, మన గర్వం" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ రోజు స్కూలు వదిలాక నేను వచ్చేసరికి మా ఆయన ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి ఉన్నాడు. వచ్చిన రైతునల్లా ఆపుతున్నాడు.

"ఆ రకం కొనొద్దయ్యా. నేనేసి నాశనమైపోయా. నా వల్ల మా బజారంతా పోయింది."

చెవిటికల్లు నుంచి వచ్చిన రైతు ఒకతను ఫ్లెక్సీ వంక, ఈయన వంక మార్చి మార్చి చూశాడు.

"మీరేనాండి అది?"

"నేనే."

"పంట పోయినోణ్ణి ఫారినెందుకు తీసుకెళ్తారండి?"

మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెట్టు, చీర, షెడ్డు, బాయిలరు. ఆ రైతు మర్యాదగానే విన్నాడు. మధ్యలో ఒకసారి నా వైపు జాలిగా చూశాడు, ఈయనకి బుర్ర సరిగా ఉందా అన్నట్టు. అంతా విని, "ఏమనుకోవద్దండి. మీరు చూసొచ్చారుగా, మేం చూడొద్దా?" అని లోపలికి పోయాడు.

అదే విత్తనం సంచితో బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మనసు మంచిదే, మా ఆయన పక్కన ఆగాడు.

"ఈ విత్తనం కొన్నోళ్లని ఈసారి కూడా ఫారిన్ పంపుతారంటండి. అక్కడ చలెక్కువంటగా?"

మా ఆయన ఆ సంచి వంక చూశాడు.

"ఎక్కువే. స్వెటరు పట్టుకెళ్లండి" అన్నాడు.